ఇంటికప్పును తిట్టే వరస

నన్ను కొండమీదికి పంపించడానికి మా నాన్నగారు బయటికి చెప్పిన కారణం నా ఆరోగ్యం. అసలు కారణం ఇంట్లో మిగిలినవాళ్ళ ఆరోగ్యం. కళాశాల వక్తృత్వ సంఘంలో నేను నేర్చుకున్నది ఒక్కటే: ప్రతి మాటకూ ఒక ఎదుటి పక్షం ఉంటుంది, అది లేకపోతే మనమే కల్పించాలి. పట్టా చేతికి వచ్చి ఉద్యోగం ఇంకా చేతికి రాని ఆ రోజుల్లో, ఆ విద్యను నేను పులుసులో ఉప్పు దగ్గర నుంచి పురోహితుడి ముహూర్తం దాకా అన్నిటిమీదా ప్రయోగించాను. "అక్కడ బోలెడు చెట్లున్నాయి. వాటితో వాదించుకో" అని నాన్నగారు నన్ను అక్క దగ్గరికి సాగనంపారు.

మా బావ అరకు లోయలో అడవి కచేరీ గుమాస్తా. కచేరీవారిచ్చిన ఆ ఇంటికి లోయలో మరే ఇంటికీ లేని ఘనత ఒకటుంది. దానికి పెంకులున్నాయి. గడ్డి కప్పు కొండలకు పనికిరాదని, పెంకే శ్రేష్ఠమని బావ స్వయంగా పైవాళ్ళకు రాసి, ఒప్పించి, మైదానం నుంచి ఆ పెంకులను ఎండుగడ్డిలో చుట్టించి ఎడ్లమీద ఘాటీ ఎక్కించాడు. అవి కొండెక్కిన కథ నేను దిగిన రోజునే విన్నాను, మర్నాడూ విన్నాను. ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్ళకన్నా ముందు కప్పు చూపించేవాడు. లోయలోని మిగతా ఇళ్ళన్నిటినీ కలిపి ఆయన "గడ్డి" అనేవాడు.

ఆయన నాకు బావ కావడం, నేను ఆయనకు బావమరిదిని కావడం మా ఇద్దరికీ విధి చేసిన మహోపకారం. నాకు ప్రతిపక్షం దొరికింది. ఆయనకు ఉద్యోగరీత్యా ఎవరినీ అనలేని మాటలు అనడానికి ఒక మనిషి దొరికాడు.

చైత్రం చివర ఒక మధ్యాహ్నం మేం భోజనాల దగ్గర ఉండగా వడగళ్ళు పడ్డాయి. అప్పుడు నేను, ఏ వస్తువుకైనా దాని యజమానే ఉత్తమ సాక్షి అన్న ప్రతిపాదనను ఖండిస్తున్నాను. రెండో ఉపపత్తిలో ఉండగా నా గొంతు నాకే వినపడటం మానేసింది. మొదట చింతగింజలంత, తర్వాత ఉసిరికాయలంత, ఆ తర్వాత వేటితోనూ పోల్చబుద్ధి కానంత వడగళ్ళు పెంకులమీద పడుతుంటే, కుండల సంతలోకి ఎద్దు జొరబడిన చప్పుడైంది. పైనుంచి ఏదో వచ్చి బావ మజ్జిగన్నంలో పడింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి, విస్తరి అంచున కరివేపాకును పెట్టినట్టు పెట్టి, భోజనం సాగించాడు.

"పెంకు ముక్క, బావా" అన్నాను వాన కాస్త తగ్గాక.

"ఎలుక పడేసి ఉంటుంది" అన్నాడు.

"ఎలుకకు పెంకు ఎక్కడిది?"

"అది నువ్వు ఎలుకను అడగాలి."

అక్క దేవుడి పీటను తడి లేని మూలకు జరిపింది.

మర్నాడు పొద్దున్నే బావ నాకొక పని అప్పజెప్పాడు. రక్షిత కొండమీద గడ్డి కోయడానికి ఊరివాళ్ళకు హక్కు లేదు. కానీ వడగళ్ళకు దెబ్బతిన్న ఇళ్ళకు కావలసిన గడ్డి కోసుకోనివ్వవచ్చునని కచేరీలో ఒక నియమం ఉంది. దానికి ఇంటింటి వివరం కావాలి: గోడలు, చూరు, కప్పు ఎక్కడ ఎంత పాడైందీ రాయాలి, బొమ్మ గీయాలి, కింద ఇంటి యజమాని తన నోటితో చెప్పిన మాట ఉండాలి. వానలకు ముందు బావ పై అధికారి అయిన దొర మకాముకు వస్తాడు. కాగితం ఆయన చేతికి అందితే గడ్డి, అందకపోతే లేదు.

"నీకు ప్రశ్నలు వేయడం ఇష్టం కదా, వెళ్ళి వెయ్యి" అన్నాడు బావ. "ఒక్కటి గుర్తుంచుకో. యజమాని మాట లేని కాగితం చెల్లదు."

గెడ్డ అనే కొండవాగు దాటి, అవతలి ఊరికి పెన్సిలూ కాగితాలతో బయలుదేరాను. ఊరంటే రెండు వరసల ఇళ్ళు, మధ్య ఒక వీధి. గోడలకు ఎర్రమట్టి పూసి, అడుగున తెల్లని అంచు దిద్దిన ఆ ఇళ్ళు బయటికి ఎంత తీరుగా ఉన్నాయో, తలెత్తి చూస్తే అంత ఘోరంగా ఉన్నాయి. కప్పుల నెత్తిన ఉండే కొప్పులు పక్కకు ఒరిగాయి. పాతబడిన గడ్డిని వడగళ్ళు నూర్చి పారేశాయి. మొదటి ఇంటి యజమాని వాకిట్లో నిలబడి నమస్కారం పెట్టాడు.

"మీ కప్పు ఎలా ఉంది?"

"బాగున్నాది బాబూ."

"మరి ఆ కన్నం?"

"ఏ కన్నం?"

"మీ ఇంట్లోకి ఎండ పడుతున్న కన్నం. అదిగో, మీ ఆవిడ నెత్తిమీద పడుతోంది."

లోపల ఆవిడ ఒకడుగు పక్కకు జరిగింది. "ఏటి ఎండ బాబూ?" అన్నాడాయన, ఎంతో ఆశ్చర్యంగా.

రెండో ఇంటిలో కప్పు సగం లేదు. బాగున్నాది. మూడో ఇంటిలో కప్పు వాకిట్లో పడి ఉంది, మేక దాన్ని నములుతోంది. బాగున్నాది. ఇంటింటా అదే మాట, అదే మర్యాద. నా ప్రశ్నలు పదునెక్కినకొద్దీ వాళ్ళ కప్పులు మెరుగుపడ్డాయి.

వీధి చివర, గెడ్డకు దిగే మలుపులో ఒక ముసలమ్మ ఇల్లుంది. ఊరంతటిలోకీ అందమైన గోడలు ఆవిడవే. ఎర్రమట్టి అద్దంలా మెరుస్తోంది, తెల్ల అంచు ఎక్కడా వంకర పోలేదు. ఊరంతటిలోకీ దిక్కుమాలిన కప్పు కూడా ఆవిడదే. నేను చూస్తుండగానే ఒక కోడిపెట్ట ఇంటి లోపలి నుంచి కప్పులోని కన్నం గుండా పైకి వచ్చి, అటూ ఇటూ చూసి, మళ్ళీ లోపలికి దిగింది. గడప అవతల నేలమీద నీళ్ళు నిలిచాయి. నీళ్ళలో కొయ్యగరిటె తేలుతోంది.

"కప్పు ఎలా ఉంది, అవ్వా?"

"నిచ్చేపంనాగున్నాది."

"ఈ నీళ్ళేమిటి?"

"ఇల్లు కడిగినాను" అంది, గరిటెను కాలితో మంచం కిందికి నెడుతూ.

సత్యమంటే నాకున్న పట్టుదల ఆ వయసులో అగ్గిపుల్లవంటిది. గీస్తే చాలు. తిన్నగా ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళి, ఈ ఊరివాళ్ళంతా కలిసి నాతో అబద్ధమాడారని, ఈ కాగితం ఇలాగే వెళ్తే ఒక్క గడ్డిపోచ కూడా రాదని ప్రకటించాను. ఆయన అడ్డతీగ నారతో తాడు పేనుతున్నాడు. పని ఆపకుండానే నావైపు జాలిగా చూశాడు.

"నీ కప్పుని నువ్వే తిట్టుకుంతే అది సెవులొగ్గి ఇంతాది బాబూ. ఇన్నాక అలుగుతాది. అలిగిన కప్పు వానకి తనే తోవ సూపిత్తాది. ఎవులైనా తన కప్పు పాడైపోనాదని తన నోటితో అంతాడేటి?"

"మరి పాడైన సంగతి ఎవరు చెబుతారు?"

"బావ ఉన్నాడు గదా!" అన్నాడు, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు.

అప్పుడు తెలిసింది వాళ్ళ పద్ధతి. వడగళ్ళు పడ్డాక ఒక రోజు చూసి ఊరంతా ఇంటింటికీ తిరుగుతుంది. ఆ ఇంటివాడికి బావ వరసయినవాడో, ఇంటావిడకు వదిన వరసయినావిడో నిచ్చెన ఎక్కి, కప్పు పాడైన తీరును నలుగురికీ వినపడేటట్టు తిడుతూ చెప్పాలి. ఇంటివాళ్ళు కింద నిలబడి "బాగున్నాది" అని మాత్రమే అనాలి. తిట్టును బట్టి ఊరు ఆ ఇంటికి గడ్డీ, నారా, మనుషులనూ కేటాయిస్తుంది.

"బావ ఎక్కువ చేసి చెబితే?"

"సెప్తాడు. సెప్పకపోతే బావేటి? ఇంటోడు బాగున్నాదంతాడు, బావ కూలిపోనాదంతాడు. నిజం మద్దిలో ఎక్కడో ఉంతాది. దాన్ని ఊరు సూసుకుంతాది."

ప్రతిపాదించేవాడు, ఖండించేవాడు, తీర్పు చెప్పే సభ. మా వక్తృత్వ సంఘానికీ దీనికీ ఉన్న తేడా గంట కొట్టేవాడు లేకపోవడమొక్కటే. అయినా అలవాటు ఊరుకోనివ్వదు కదా, వెంటనే లోపం వెతికాను. "బావలూ వదినలూ లేనివాళ్ళ మాటేమిటి?"

తాడు పేనే చెయ్యి ఆగింది. "అలాటోలు ఊరికి ఒకర్తే. ఆ గెడ్డ కాడ అవ్వ."

అవ్వకు బావ వరసవాళ్ళు ఎప్పుడో పోయారు. చివరికి మిగిలిన ఒక్క వదినా కిందటి చలికాలంలో పోయింది. "ఆవిడ తిడితే వాసాలే సిగ్గుపడీవి బాబూ" అన్నాడు ఊరిపెద్ద, గతించిన మహాకవిని తలుచుకున్నట్టు. ఇప్పుడు ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళంతా ఆవిడకు కొడుకు, కోడలు వరస. తల్లి ఇంటికప్పును కొడుకు తిట్టకూడదు.

"తిట్టకుండా బాగుచేయండి."

"బాగున్నాదని ఆవిడే సెప్తంతే, ఎవులూ కాదననేదంతే, దానిమీద గడ్డెలాగ ఎక్కిత్తాం? ఆవిడికి తల తీసీసినట్టుండదేటి? మా ఇళ్ళకి వచ్చీమన్నాం. రానంతాది."

ఎందుకు రానంటోందో అవ్వనే అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకూ ఆవిడ సూటిగా జవాబు చెప్పింది. "ఒకరి సూరు కింద కూకుంతే ఒకరి పొగ మింగాల. నా పొగ నాకు సాలు."

వానలు దిగితే ఆ ఇల్లు ఒక్క రాత్రి నిలవదు. ఆవిడ ఎవరో ఒకరి చూరు కిందికి వెళ్ళక తప్పదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. గోడకు మాత్రం మళ్ళీ ఎర్రమట్టి పూస్తోంది.

మర్నాడు తిట్ల తిరునాళ్ళు జరిగాయి. జీలుగు కల్లు కుండలు ముందు నడిచాయి, నిచ్చెన వెనక నడిచింది, కాగితాలతో నేను నిచ్చెన వెనక నడిచాను. మొదటి ఇంటిమీదికి ఒక బక్కపల్చని బావ ఎక్కి, చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులా చూశాడు.

"ఓ బావా! ఇది కప్పేటి, మీ నాయిన నెత్తేటి? మద్దిలో ఒక్క ఎంటికైనా నేదు!"

"బాగున్నాది!" కింద నుంచి యజమాని.

"వాసాలు సూడ్డానికి నన్నెందుకు ఎక్కించినారు? కొండమీంచే కనబడతన్నాయి గదా!"

"బాగున్నాది!"

'కప్పు మధ్యభాగమున గడ్డి పూర్తిగా లోపించినది. వాసములు బయల్పడినవి' అని రాసుకుని బొమ్మ గీశాను.

తర్వాతి ఇంటిమీద ఒక వదిన, కొంగు బిగించి: "ఓలమ్మ, రేతిరిపూట నీ మొగుడు సుక్కల్ని సూసి మురిసిపోతన్నాడంతే యోగం పట్టినాదేటో అనుకున్నాను! మంచంమీంచే సూత్తన్నాడు!"

'పడకస్థలముపై ఆకాశము గోచరించుచున్నది.'

ఊరు నవ్వింది, వాదించుకుంది, గడ్డి కేటాయించింది. ఇళ్ళన్నీ అయ్యేసరికి నా దగ్గర ఏ కచేరీలోనూ లేనంత సత్యం పోగయింది. అవ్వ తన అరుగుమీద కూర్చుని, ప్రతి తిట్టుకూ తల ఊపుతూ, మంచివాటికి చప్పట్లు కొడుతూ, చివర నిచ్చెన తన ఇంటిముందు ఆగకుండా వెనక్కి తిరిగినప్పుడు లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బావ నా కాగితాలన్నీ చూసి పక్కన పెట్టేశాడు.

"యజమాని మాట ఏదీ?"

"ప్రతి కాగితం కింద ఉంది. బాగున్నదన్నారు."

"బాగుంటే గడ్డి ఎందుకు?"

"పైన బావల సాక్ష్యం ఉంది కదా, బావా!"

"నియమంలో బావల ప్రస్తావన లేదు. వేళాకోళాలు దొరకు పంపమంటావా? నా ఉద్యోగం ఏమవుతుంది?"

రాత్రి చాలాసేపూ పొద్దున్న మళ్ళీనూ వాదించాను. యజమాని తన ఆస్తి విషయంలో పక్షపాతి కనుక ఉత్తమ సాక్షి కాడన్నాను. అది కళాశాలలో చెప్పమన్నాడు. పొద్దున్న మేమిద్దరం అరుగుమీద ఆ రభసలో ఉండగానే ఊరిపెద్ద, వెనకే సగం ఊరూ కబురు తెలుసుకుందామని వచ్చి వాకిటి కంచె దగ్గర నిలబడ్డారు. అదే సమయానికి ఒక చిన్న జల్లు కొట్టి పోయింది. ఇంట్లోంచి టప్‌టప్‌మని చప్పుడు. నాకొక ఉపాయం తట్టింది.

"బావా, కచేరీ ఇల్లు కూడా ఈ వివరంలో చేరాలి కదా? దీని యజమాని మాట ఏమని రాయను?"

బావ ఊరివాళ్ళ వంక చూశాడు. పైవాళ్ళకు తాను రాసిన ఉత్తరం జ్ఞాపకం వచ్చిందనుకుంటాను. "సర్వవిధాలా బాగున్నదని రాయి" అన్నాడు గంభీరంగా.

అప్పుడు అక్క చేతిలో నీళ్ళు నిండిన పప్పుగిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. గిన్నెడు వాననీళ్ళను మెట్ల పక్కన పారబోసి, మొగుడి వంక చూడకుండా నాతో అంది:

"ఒరే తమ్ముడూ, ఆ నిచ్చెన వేసుకో. ఆయన నీకు బావే కదా."

కంచె దగ్గర కలకలం బయలుదేరింది. "ఏటీ, గుమాస్తా బాబుకి బావమరిదున్నాడా? ఈ గుంటడేనా?" అన్నాడు ఊరిపెద్ద. ఆయన ముఖంలో నిజమైన ఊరట కనిపించింది. "ఇన్నాళ్ళూ పాపం, ఈ ఇంటికి తిట్టే దిక్కు నేదనుకున్నాం!"

ఎక్కాను. ఆ నిచ్చెన చివర నిలబడి నేను అనుభవించిన స్వేచ్ఛ ఏ వేదికమీదా అనుభవించలేదు. అధ్యక్షుడు లేడు, గంట లేదు, ఎదుట కొన్నేళ్ళుగా పేరుకున్న సామగ్రి ఉంది.

"బావగారూ! ఇది పెంకుటిల్లా, పగిలిన కుండల దిబ్బా? మా నాన్నగారు మా అక్కను ఇంటికి ఇచ్చారు కానీ జల్లెడకు ఇవ్వలేదు!"

కంచె దగ్గర ఈలలు.

"గొడుగు వేసుకుని భోంచేసే ఉద్యోగి ఈ మన్యం మొత్తంమీద మీరొక్కరే! ఈ పెంకులు ఎడ్లమీద కొండెక్కాయన్నారు, ఎడ్లమీద ఎక్కాయా, ఎడ్ల గిట్టల కింద పడి ఎక్కాయా? ఆ ఎలుకేదో చెప్పండి బావగారూ, మీ మజ్జిగలో పెంకులు పెట్టే ఎలుకను దొరగారికి చూపిద్దాం!"

బావ ముఖం ఎర్రమట్టి గోడైంది. రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకుని అరిచాడు:

"బాగానే ఉంది!"

ఊరు ఊరంతా ఒక్క పెట్టున గొల్లున నవ్వింది. బావ ఆచారం తప్పకుండా, సరిగ్గా అనవలసిన చోట, అనవలసిన మాట అన్నాడు. "మనోడైపోనాడు! బాబు మనోడైపోనాడు!" అని ఊరిపెద్ద కంచె దాటి వచ్చేశాడు. ఎవరో బావ చేతిలో కల్లు దొప్ప కూడా పెట్టారు. బావ దాన్ని అలా పట్టుకుని, తన నోటి నుంచి వచ్చిన మాటను తనే ఇంకోసారి విన్నట్టు, కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత అరుగుమీద కూర్చుని కలం తీశాడు. ప్రతి కాగితంలోనూ 'యజమాని మాట' అన్నచోట 'యజమాని పక్షమున వరసైనవారు చెప్పినది' అని దిద్దాడు. కచేరీ ఇంటికి అప్పటికప్పుడు నాచేత కాగితం రాయించి, అందులోనూ అలాగే దిద్దాడు. నేను రాసిన దానిలో ఎలుకను మాత్రం కొట్టేశాడు.

"మధ్యాహ్నం తపాలా మనిషి దొర మకాముకు వెళ్తాడు. అన్నీ అయినట్టేనా?" అన్నాడు.

"ఒక ఇల్లు ఉంది" అన్నాను.

అందరం గెడ్డ మలుపుకు నడిచాం. బావ కూడా వచ్చాడు, ఒక చేతిలో కలంతో, ఇంకో చేతిలో దొప్పతో. దారిలో ఊరివాళ్ళు నాకు వరస వెతికారు. మైదానం నుంచి వచ్చినవాడికి బావ వరస కలవదు. మనవడి వరస కలపవచ్చన్నాడు ఊరిపెద్ద. అవ్వను ఎక్కిరించడానికి మనవడికి హక్కుందట; ఊళ్ళోని మనవలు మాత్రం ఇంకా నిచ్చెన ఎక్కే ఈడువాళ్ళు కారట.

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఈ గుంటడా? ఈడికి నోరున్నాదేటి?"

ఆవిడ ఇంటి గోడకు నిచ్చెన ఆనించేటప్పుడు ఎర్రమట్టి చెదరకుండా ఇద్దరు పట్టుకున్నారు. ఎక్కి, కింద ఆవిడ తెల్లని తలను చూశాను. బావమీద ఏటిలా ప్రవహించిన నా వాక్కు ఒక్కసారిగా ఎండిపోయింది. పెద్దలను గౌరవించమని చిన్నప్పటి నుంచీ నూరిపోసిన మర్యాద మొత్తం నాలుకమీదికి వచ్చి కూర్చుంది.

"అవ్వగారూ, తమ గృహం యొక్క పైభాగం విచారకరమైన స్థితిలో ఉన్నది."

ఎవరూ నవ్వలేదు. "ఇది తిట్టేటి? పెళ్ళి పిలుపునాగున్నాది" అన్నాడు ఊరిపెద్ద.

"అత్యంత విచారకరమైన..."

"ఇంకా మరియాదే బాబూ. ఇది సెల్లదు."

బావ నావైపు చూసి మెల్లగా అన్నాడు: "కాగితాలు పైకి పోవలసిన వేళ దాటుతోంది." మొదటిసారి ఆయన గొంతులో వెక్కిరింత లేదు. ఊరివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా కింద ఆ కప్పు, దాని కింద ఆవిడ పొయ్యి. నేను నోరు తెరవలేకపోతే ఆ పొయ్యి ఈ ఏడు వెలగదు.

అవ్వ చేతులు నడుముమీద పెట్టుకుంది.

"దిగిపో నాయినా, దిగిపో. పొట్టలో సదువున్నాది గాని నోట్లో ఉప్పు నేదు. మీ బావంతే మెత్తనోడు, తిట్టీసినావు. నా ఇంటిమీద వాలే కాకికి నీకన్నా మాటలొచ్చు. ఆ మూతిమీదదేటి, మీసమేటి? దానికన్నా నా కప్పే ఒత్తుగున్నాది!"

ఊరు పగలబడి నవ్వింది. ఆ మీసం నేను ఎంతో శ్రమపడి పెంచుతున్నది. జవాబు చెప్పడానికి ఒకడుగు ముందుకు వేశాను. కుళ్ళిన కొప్పు కిందికి జారింది, నా కుడికాలు మోకాలిదాకా ఇంట్లోకి దిగింది. లోపల నుంచి కోడిపెట్ట నా బొటనవేలును పొడిచింది.

"ఓసి ముసలిదానా!" అని కేక పెట్టాను. "ఇది ఇల్లటే, కప్పల నూతికి మూతటే? ఆ మూత కూడా ఎవరో ఎత్తుకుపోయారే! లోపల గరిటెలు ఈదుతున్నాయి, కోళ్ళు మనుషులను తింటున్నాయి! యముడు నీకోసం వస్తే తలుపు తట్టే పని కూడా లేదే, దున్నపోతుతో సహా పైనుంచే దిగుతాడు!"

చివరి మాట నోరు దాటాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. అంత వయసున్న మనిషి ముందు యముడి పేరు ఎత్తాను. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. కొంగు తీసేసరికి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు.

"మా వదిన నోరే! అచ్చం మా వదిన నోరే!" అంది. తర్వాత మొహం తుడుచుకుని, మెడ నిటారుగా నిలిపి, ఊరంతా వినేటట్టు జవాబిచ్చింది:

"బాగున్నాది!"

బావ నిలబడే రాసుకున్నాడు. దున్నపోతును ఎలా రాయాలని నన్ను అడిగాడు. 'కప్పునందలి రంధ్రము విశాలమైనది' అని చెప్పాను.

గడ్డికి అనుమతి వచ్చింది. దొర బొమ్మలను మెచ్చుకున్నాడట, 'వరసైనవారు' అంటే ఎవరని అడిగాడట. నిష్పక్షపాతులని బావ జవాబు చెప్పాడట. ఊరు మొత్తం కొండమీద గడ్డి కోసి, మోపులు దించి, కొప్పులు నిలబెట్టి, ఇంకోసారి వడగళ్ళు పడినా కదలకుండా పైన వెదురు బద్దలు అడ్డనారతో బిగించింది. కొడుకు వరసవాళ్ళంతా అవ్వ ఇంటిమీద తల వంచుకుని పనిచేశారు. మిగిలిన మోపులు కొన్ని ఒక తెల్లవారుజామున మా పెంకులమీద పరిచి కనిపించాయి. ఇదేమిటని బావను అడిగాను. పెంకులకు చలివేస్తుందన్నాడు.

వానలు దిగాక అవ్వ నాకు కబురు పంపింది, బేగి, ఉన్నపళాన రమ్మని. తాటాకు గొడుగుతో తడిసి ముద్దయి వెళ్ళాను. ఇంట్లో నేల పొడిగా ఉంది. పొయ్యి వెలుగుతోంది, పొగ ఆవిడదే. పైన కొత్త గడ్డిమీద వాన పడుతున్న చప్పుడు ఎక్కడో దూరంగా ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు వినిపిస్తోంది. కోడిపెట్ట గంపకింద నుంచి నన్ను గుర్తుపట్టింది.

"ఎలాగున్నాది నాయినా కప్పు?" అంది అవ్వ.

మెచ్చుకోబోయి ఆగిపోయాను. మెచ్చుకోవడం ఇంటివాళ్ళ హక్కు. మనవడి వరసకు ఆ అధికారం లేదు. మూలమూలలా చూశాను. ఎక్కడైనా ఒక్క చుక్క, ఒక్క చెమ్మ, ఒక్క వంకర వాసం దొరుకుతుందేమోనని ఆశగా వెతికాను. ఎన్నో తీర్మానాలకు రెండు పక్షాలా వాదించినవాణ్ణి. ఇప్పుడు నాకు మిగిలింది ఒకే పక్షం, దానికి ఒక్క సాక్ష్యం కూడా లేదు. అవ్వ దొప్పలో రాగుల చోడంబలి పోసి, దాన్ని నా చేతికివ్వకుండా పట్టుకుని, ఎదురు చూస్తోంది.

"ఈ చీకటేమిటే ముసలిదానా?" అన్నాను చివరికి. "వెలుతురు రావడానికి మంచి కన్నం ఒకటి ఉండేది. దాన్ని కూడా మూయించేశావు!"

అవ్వ అంబలి నా చేతికిచ్చింది. కప్పు వంక తల ఎత్తి, తీరిగ్గా, ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది.

"బాగున్నాది" అంది.